గోడలు జరిగే ఇల్లు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో సొంత ఇల్లు కట్టించుకున్నవాళ్ళు ఎందరున్నారో నాకు తెలీదు గానీ, కట్టేటప్పుడు ఇల్లాలిని ఎవరేమడిగారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మా ఇల్లు కట్టే రోజుల్లో ప్లాను కాగితాన్ని మామగారి ముందూ మావారి ముందూ పరిచారు. నేను కాఫీ గ్లాసులు అందిస్తూ ఓరగా చూశాను. "వంటింటి కిటికీ ఇటు తిప్పితే పొయ్యిమీదికి గాలి కొట్టదు గదండీ" అన్నాను. మేస్త్రీ నవ్వేసి, "అవన్నీ మేం చూసుకుంటాం లెండమ్మా" అన్నాడు. ఇవాళ్టికీ ఆషాఢం గాలి మొదలైందంటే మా పొయ్యి నిలవదు. ఓ అట్టముక్క అడ్డం పెట్టుకుని పోపు వేస్తాను. అతన్ని తప్పు పట్టి ఏం లాభం? అడిగే అలవాటు అతనికి లేదు, రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు.

అంచేతనే, రెండోసారి చెప్పిన ఒక ఇల్లాలి సంగతీ, విన్న ఒక వడ్రంగి సంగతీ చదివినప్పుడు మీతో పంచుకోవాలనిపించింది. వాళ్ళిద్దరూ కలిసి కట్టిన ఇల్లు మన దేశంలో లేదు. మనం హాలెండు అని పిలిచే నెదర్లాండ్స్ దేశంలో, ఉట్రెక్ట్ అనే ఊళ్ళో ఉంది. కట్టింది 1924లో. చాలా చిన్న ఇల్లు. రాజభవనం కాదు, లక్షాధికారి బంగళా కాదు. అయినా ఆర్కిటెక్టు చదువు చదివే పిల్లలు దాని బొమ్మ చూడకుండా పరీక్ష దాటరు.

ఆ ఇల్లాలి పేరు ట్రూస్ ష్రోడర్. 1889లో పుట్టింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. కాన్వెంటులో ఉండి చదువుకుని, ఆ తర్వాత ఫార్మసీ చదివింది. 1911లో ఒక వకీలుగారితో పెళ్ళయింది. ఆయన ఆవిడకంటే పదకొండేళ్ళు పెద్ద. పేరున్న మనిషి, ఊరి నడుమ పెద్ద ఇల్లు. ఎత్తైన కప్పులూ, బరువైన సామానూ, వచ్చేపోయే పెద్దమనుషులూ. అందులో ఆవిడకి ఊపిరాడేది కాదు. పిల్లల పెంపకం దగ్గర కూడా భార్యాభర్తలకి మాట కలవలేదు. పిల్లలు పెద్దల మధ్య తిరుగుతూ, వాళ్ళ మాటలు వింటూ పెరగాలని ఆవిడ కోరిక. ఆ కాలపు పెద్దింటి పద్ధతి అది కాదు. పిల్లలు ఉండే చోటు వేరు, పెద్దల చోటు వేరు.

భర్త చెడ్డవాడేం కాదు లెండి. ఆవిడ మనసు కుదుటపడుతుందని, 1921లో అంత పెద్ద ఇంట్లో ఒక గదిని ఆవిడ ఇష్టప్రకారం మార్పించుకోమన్నాడు. ఆ గదిని మార్చిపెట్టిన మనిషే గెరిట్ రీట్‌వెల్ట్. వడ్రంగి కొడుకు. పన్నెండేళ్ళు నిండకుండానే బడి మానేసి తండ్రి దుకాణంలో చిత్రిక పట్టడం నేర్చినవాడు. కొన్నేళ్ళ తర్వాత సొంత దుకాణం పెట్టాడు. ఎరుపు వీపూ, నీలం పీటా, నల్లని కోళ్ళూ, వాటి కొసలకి పసుపూ వేసిన ఒక కుర్చీ బొమ్మ మీరెక్కడైనా చూసి ఉండవచ్చు. కూర్చోడానికా, చూడడానికా అనిపిస్తుంది. ఆ కుర్చీ ఆయన చేసిందే.

1923లో వకీలుగారు పోయారు. ట్రూస్‌కి అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు నిండాయో లేదో. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు పన్నెండేళ్ళ లోపు, చిన్నపిల్లకి ఐదేళ్ళు. అంత పెద్ద ఇల్లు ఇక వద్దనుకుంది. చిన్న ఇల్లు చూసుకుని, పిల్లలతో తన తీరున తాను బతకాలనుకుంది. ఏ దేశంలోనైనా భర్త పోయిన ఆడది ఇలా అంటే చుట్టాలు ఊరుకుంటారా? ఆవిడ మాత్రం అదే రీట్‌వెల్ట్‌ని పిలిచింది. అద్దె ఇల్లు వెతికి మరమ్మత్తు చేయించుకోవడం కంటే కొత్తది కట్టుకుంటే మేలని ఇద్దరూ తేల్చుకున్నారు. అప్పటికి ఆయన పూర్తిగా ఒక ఇల్లు కట్టింది లేదు. ఇదే మొదటిది. మనలో ఎంతమందికి ఆ ధైర్యం వస్తుందో చెప్పండి!

స్థలం ఊరి చివర దొరికింది. ఇటుకల ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరుసగా వచ్చి ఆగిపోయే చోట, ఆఖరి గోడని ఆనుకుని. అవతల ఇక ఇళ్ళు లేవు, పచ్చిక బయళ్ళు, ఆకాశం.

ఇప్పుడు ఆవిడ ఏమడిగిందో వినండి. ముందు వైపు ఎన్ని స్తంభాలుండాలి, గుమ్మానికి ఏ చెక్కడం ఉండాలి అని అడగలేదు. ప్రతి గదిలోనూ మంచం కనీసం రెండు తీరులుగా వేసుకోడానికి వీలుండాలి. ప్రతి గదికీ నీళ్ళు రావాలి, పోవాలి. ప్రతి గదినుంచీ తిన్నగా బయటికి ఒక తలుపుండాలి. చూశారూ, పక్కలు వేసేవాళ్ళకీ నీళ్ళు మోసేవాళ్ళకీ తోచే మాటలివి. నేలమీద కాకుండా మేడమీద ఉండాలని కూడా ఆవిడే అంది. వెలుతురూ గాలీ బయళ్ళూ అక్కడినుంచి బాగా కనిపిస్తాయి గదా.

రీట్‌వెల్ట్ మేడమీది గదులకి గీతలు గీసి తెచ్చాడు. మామూలుగానే, గదికీ గదికీ మధ్య గోడ. ఆవిడ చూసి, ఈ గోడలు కూడా తీసేయకూడదా అంది. ఆయన సంతోషంగా తీసేశాడు. అంత పేరు తెచ్చుకున్న ఇంటి గుట్టంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అడిగింది ఆర్కిటెక్టు కాదు, ఇల్లాలు.

అయితే ఆవిడకి ఇంకో సందేహం వచ్చింది. ముగ్గురు పిల్లలు, ఎదుగుతున్న ఆడపిల్లలు ఇద్దరు. ఎవరి మూల వాళ్ళకి అక్కర్లేదూ? రాత్రి పడుకోడానికీ, పగలు కోపం వచ్చి మొహం చాటు చేసుకోడానికీ? కాబట్టి గోడలు వద్దు, కావాలి కూడా. దీనికి జవాబు వడ్రంగి చెప్పాడు. గోడలకి చక్రాలూ పట్టాలూ పెట్టాడు.

మెట్లు ఇంటి నడుమనుంచి పైకి వస్తాయి. పైన కప్పులో గాజు గూడు ఉంది, దానిలోంచి వెలుతురు మెట్లమీద పడుతుంది. మెట్లెక్కి పైకి రాగానే, పగటిపూటైతే, అంతా ఒకే పెద్ద హాలు. ఒక మూల భోజనాల బల్ల. ఒక పక్క ఆడపిల్లల చోటు, ఇంకోపక్క అబ్బాయి చోటు. పక్కలు పగలు సోఫాలై కూర్చుంటాయి. రాత్రి అయిందా, మడిచి పక్కకి నెట్టి ఉంచిన పలకల గోడల్ని నేలమీదా కప్పులోనూ ఉన్న కమ్ముల వెంట లాగితే ఎవరి గది వాళ్ళకి తయారు. నేలకి కూడా ఒకటే రంగు లేదు. ఎరుపు, తెలుపు, బూడిద, నలుపు ముక్కలుగా పరిచారు. గోడ లేనప్పుడు కూడా ఎవరి హద్దు ఏదో కనిపిస్తూనే ఉంటుంది.

ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఒక గదీ వంటిల్లూ ఉన్న అద్దె వాటాలో, పెళ్ళైన కొత్త జంటకోసం దండేనికి పాత చీర అడ్డం కట్టిన సంసారాలు మనకి తెలియనివా? పొద్దున చాపలు చుట్టి మూలన పెడితే అదే గది భోజనాల గది, పిల్లల చదువు గది, చుట్టాలొస్తే కచేరీ చావడి! మనం గతిలేక చేసింది ఆవిడ కోరి చేయించుకుంది, అంతే తేడా. ఆ తేడా చిన్నది కాదనుకోండి.

భోజనాల బల్ల దగ్గరున్న మూల కిటికీ గురించి తప్పకుండా చెప్పాలి. మామూలుగా ఇంటికి మూలన స్తంభం ఉంటుంది, కప్పు బరువు దానిమీద ఉంటుంది. ఇక్కడ ఆ స్తంభాన్ని కొంచెం పక్కకి జరిపేశారు. మూలన రెండు గాజు రెక్కలు కలుసుకుంటాయి. రెండూ బయటికి తెరిస్తే ఇంటికి మూలే లేకుండా పోతుంది. అన్నం తింటున్నవాళ్ళు చెట్టుమీద కూర్చున్నట్టే. రాత్రి చలికీ, చూపు అడ్డానికీ చెక్క పలకలు కిటికీలకి సరిగ్గా బిగించేవారు. పగలు వాటిని గోడకి తగిలించి ఉంచడం. పరదాలు లేవు, ఉతికే పని లేదు.

మేడమీదే ఒక బీరువా ఉంది. పెట్టెలమీద పెట్టెలు పేర్చినట్టుంటుంది. ఒక అరలో కుట్టుపని సామాను, ఒక అరలో రాత కాగితాలు, ఒకదాంట్లో గ్రామఫోను, మరొకదాంట్లో సినిమా చూపించే యంత్రం. కుట్టుపెట్టెకి అంత మర్యాద ఇచ్చిన ఆర్కిటెక్టుని నేనైతే ఇంకెక్కడా వినలేదు.

కింద గుమ్మం దగ్గర ఒక మాట్లాడే గొట్టం అమర్చారు. వచ్చినవాళ్ళు ముందు గంట కొట్టి, గొట్టంలో ఎవరో ఏమిటో చెబితే పైనున్న ఇల్లాలు అక్కడినుంచే జవాబిస్తుంది. సరుకులు తెచ్చే కుర్రవాడు వంటింటి పక్క చిన్న కిటికీలోంచి సామాను పెట్టి వెళ్ళిపోవచ్చు. మూడో అంతస్తునుంచి తాడుకి బుట్ట కట్టి కూరలు లాక్కునే మనకి ఈ సుఖం వెంటనే అర్థమవుతుంది. వంటిల్లు కింద, భోజనం పైన కాబట్టి, గిన్నెలు పైకి చేరేయడానికి చిన్న లిఫ్టు పెట్టారు.

ఇక్కడ నాకొక చిన్న అభ్యంతరం ఉంది, దాచుకోను. పైనంతా గోడలు జరిగే స్వేచ్ఛ. కిందకొచ్చేసరికి వంటిల్లు, పనిమనిషి గది, చదువుకునే గది, అన్నీ మామూలు గోడలతో మామూలుగానే ఉన్నాయి. అంటే కొత్త జీవితం మేడమీద మొదలైంది, పనిమనిషి మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది. ఆ లిఫ్టులో గిన్నెలు పెట్టిన చేతుల్ని కూడా మనం తలుచుకోవాలి.

అలా ఉండడానికి ఒక కారణం మునిసిపాలిటీవారు కూడా. గోడల్లేని ఇంటికి అనుమతి ఇవ్వరు గదా. కింది అంతస్తును నిబంధనల ప్రకారం గదులుగా చూపించి, పై అంతస్తంతా "అటక" అని కాగితంమీద రాసి ఇచ్చారు. అటకకి గదులెక్కడ అని ఎవరడుగుతారు! పనివాళ్ళకీ అధికార్లకీ మధ్య ఇలాంటి తెలివితేటలు మన దగ్గరే ఉంటాయనుకున్నాను.

ఇంకొక సంగతి. ఫోటోల్లో చూస్తే తెల్లగా, బూడిదరంగుగా నిలబెట్టిన పలకలూ, మధ్య ఎర్రని, పసుపు, నీలం కమ్ములూ, గాలిలో నిలిచినట్టున్న బాల్కనీలూ కనిపించి, మొత్తం కాంక్రీటు అనుకుంటాం. కాదు. పునాదులూ బాల్కనీలూ తప్ప గోడలన్నీ ఇటుకే, పైన సున్నం పూత. అక్కడక్కడ ఇనప దూలాలు, నేల చెక్క. అంతా కాంక్రీటు పోయాలంటే ఖర్చుకి తూగదు మరి. ఆ కాలంలో ఆ దేశంలో "దె స్టైల్" అని చిత్రకారులూ కట్టడపువాళ్ళూ కలిసిన ఒక బృందం ఉండేది, 1917లో మొదలైంది. నిలువు గీతలు, అడ్డగీతలు, మూడు మూల రంగులు చాలు, మిగతా అలంకారం అక్కర్లేదని వాళ్ళ వాదం. రీట్‌వెల్ట్ వాళ్ళలో ఒకడు. ఆ వాదానికి ఇల్లంటూ కట్టి చూపించింది ఇదేనని పండితులంటారు.

పండితుల మాట సరే, ఇరుగుపొరుగు ఏమన్నారు? ఏమంటారు, నవ్వారు. బడిలో పిల్లల్ని "మీది ఆ పిచ్చి ఇల్లే గదూ" అని ఏడిపించారు. తల్లి తన ఇష్టం కట్టుకుంది, దాని ధర కొంత పిల్లలు చెల్లించారు. ఇంకో కష్టం కూడా ఊహించగలం. పలకల గోడకి చూపు ఆగుతుంది గానీ మాట ఆగదు. పైగా పొద్దున గోడలు తీయాలి, రాత్రి వేయాలి, పక్కలు సర్దాలి. బద్ధకస్తులకి పనికొచ్చే ఇల్లు కాదది. ఆవిడకి అదే నచ్చింది. ఇంట్లో ఏ పనీ ఏమరుపాటుగా జరగకూడదని ఆవిడ పట్టుదల.

పిల్లల్లో చిన్నది హాన్. ఆ కమ్ములమీద గోడలు లాగుతూ పెరిగిన ఆ పిల్లే పెద్దయ్యాక ఆర్కిటెక్టు అయింది. ఆ దేశంలో ఆ చదువు చదివిన తొలితరం ఆడవాళ్ళలో ఒకతె. రీట్‌వెల్ట్ దగ్గర పనిచేసి, తర్వాత అమెరికా వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పింది. పిచ్చి ఇల్లు అన్న తోటి పిల్లలకి ఇంతకంటే జవాబేం కావాలి?

ఇంత చెప్పి ఒక మాట చెప్పకపోతే దాచినట్టవుతుంది. రీట్‌వెల్ట్‌కి పెళ్ళైంది, ఆరుగురు పిల్లలు. ఇల్లు పూర్తయ్యాక కింది గదిలో కొన్నేళ్ళు ఆయన తన ఆఫీసు పెట్టుకున్నాడు. ఆయనకీ ట్రూస్‌కీ మధ్య ఉన్నది పని స్నేహం మాత్రమే కాదు. భార్య పోయిన తర్వాత ఆయన ఆ ఇంట్లోనే ఉండి, 1964లో అక్కడే కన్నుమూశాడు. తీర్పు చెప్పడానికి మనమెవరం గానీ, ఈ ఇంటి కిటికీ అందం గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆ ఆరుగురు పిల్లల తల్లి వైపు పోతుంది. ఆవిడ వంటింటికి కిటికీ ఎటువైపు ఉండేదో!

ఇల్లు కట్టిన కొత్తల్లో పత్రికలో ఇద్దరి పేర్లూ వేశారు, రీట్‌వెల్ట్ అనీ ష్రోడర్ అనీ. ఆ తర్వాత కూడా ఇద్దరూ కలిసి చాలా పని చేశారు. 1930-31లో ఎదుటి స్థలంలో ఒక ఇళ్ళ వరుస కట్టింది వాళ్ళిద్దరే. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ పుస్తకాల్లో రీట్‌వెల్ట్ పేరు పెద్దదైంది, ట్రూస్ కాస్తా "ఇల్లు కట్టించుకున్న ఆవిడ" అయిపోయింది. కట్టించుకోవడం అంటే డబ్బివ్వడమేనా? గోడలు తీసేయమన్నది ఎవరు? మళ్ళీ గోడలు కావాలన్నది ఎవరు? ఆవిడ తనకోసం పెద్దగా పోట్లాడిన మనిషి కాదు. ముసలితనంలో ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం ఏది తన మాటో, ఏది ఆయన పనో విడదీసి చెప్పేది. ఆ మాటలవల్లే మనకిప్పుడు ఇదంతా తెలిసింది.

బయళ్ళ సంగతి చెప్పలేదు గదూ. ఊరు పెరిగింది. 1960లలో ఆ ఇంటి పక్కనుంచే ఎత్తుగా కట్టమీద పెద్ద రోడ్డు వేశారు. ఏ పచ్చికబయలు చూడడానికి ఇంటి మూల స్తంభాన్ని కూడా పక్కకి జరిపారో ఆ చోట లారీలు. రీట్‌వెల్ట్ విసిగి, ఇక ఈ ఇల్లు పడగొట్టినా ఫర్వాలేదు అనేదాకా వెళ్ళాడట. ఆయన కట్టాడు, పడగొట్టమనగలడు. ఆవిడ అందులో ఉంటోంది గదా, అలా అనలేదు. 1970లో ఇంటిని కాపాడడానికి ఒక ట్రస్టు ఏర్పాటు చేసింది. 1974కి బయటి వైపు మరమ్మత్తులు పూర్తిచేయించింది. పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళినా, రోడ్డు మోత పెరిగినా, ఆవిడ అక్కడే ఉంది. 1985లో, తొంభై ఐదేళ్ళ వయసులో పోయింది. అరవై ఏళ్ళు ఒకే ఇంట్లో. ఏ ఆర్కిటెక్టుకైనా ఇంతకంటే మెప్పు ఉందా?

ఆవిడ పోయాక, రీట్‌వెల్ట్ దగ్గర పనిచేసిన బెర్టస్ మూల్డర్ అనే ఆర్కిటెక్టు లోపలి భాగాన్ని తొలిరోజుల్లో ఉన్నట్టుగా బాగుచేశాడు. 1987నుంచి చూడవచ్చేవాళ్ళకి తలుపులు తెరిచారు. లోపలికి వెళ్ళినవాళ్ళకి గోడలు లాగి, గదులు చేసి, మళ్ళీ హాలు చేసి చూపిస్తారు. మూల కిటికీ తెరిచి చూపిస్తారు. 2000లో యునెస్కోవారు ఆ చిన్న ఇంటిని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చారు, మన తాజ్‌మహలూ, అజంతా గుహలూ ఉన్న పట్టికలోనే. ఆ పట్టికలో ఇంటి పేరు ఏమని రాశారో తెలుసా? రీట్‌వెల్ట్ ష్రోడర్ ఇల్లు. వడ్రంగి పేరూ ఉంది, ఇల్లాలి పేరూ ఉంది.